తువ్వాలంత చోటు

ఖాళీ కుర్చీ కనబడితే నాగమల్లేశ్వరి చెయ్యి ఊరుకోదు. చేతిరుమాలో, కూరల సంచో, ఏమీ దొరక్కపోతే చేతిలో ఉన్న అరటిపండో, ఏదో ఒకటి దాని మీద పడాల్సిందే. పడ్డాక ఎవరైనా వచ్చి ఇక్కడ కూర్చోవచ్చా అని అడిగితే తల తిప్పకుండా "మనిషొస్తారండీ" అంటుంది. ఆ వచ్చే మనిషి ఎవరో ఒక్కోసారి ఆవిడకీ తెలియదు.

ఈ విద్య ఆవిడకి తెనాలి బస్టాండు నేర్పింది. బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి గురిచూసి తువ్వాలు విసరాలి. అది ముడుచుకోకుండా సీటు మీద పరుచుకోవాలి. ఆ తరవాత జనం ఒకర్నొకరు తోసుకుంటూ ఎక్కుతుంటే మనం తీరుబడిగా చివర్న ఎక్కి, జమీందారు కోడల్లా వెళ్ళి కూర్చోవాలి. ఇందులో ఆవిడకి ఎదురులేదు. ఒకే ఒక్కసారి గురితప్పి తువ్వాలు కండక్టరు నెత్తిన పడింది. ఆయన దాంతో శుభ్రంగా మొహం తుడుచుకుని, మడతపెట్టి తిరిగిచ్చాడు.

రోజూ ఆ బస్సెక్కి వెళ్ళేది రేపల్లె దగ్గర ఓ ఊళ్ళోని శాఖా గ్రంథాలయానికి. దానికి ఆవిడే అధికారి, ఆవిడే నౌకరు. తాళం తీసి, ఊడ్చి, దినపత్రికని విడదీసి పేజీలు పంచడంతో పని మొదలయ్యేది. సంపాదకీయం రిటైరైన హెడ్ కానిస్టేబులుకి, ఆటల పేజీ కుర్రాళ్ళకి, ధరల పట్టిక ధాన్యం వ్యాపారికి. ఉన్నది ఒక్కటే బెంచీ. టీ తాగి రావాలంటే ఎంతటి పెద్దమనిషైనా కండువా పరిచి వెళ్ళాల్సిందే. ఆ ఊళ్ళో సరిహద్దు తగాదాలు తలలు పగిలేదాకా వెళ్ళేవి గానీ, బెంచీ మీది కండువాని జరిపిన మనిషి మాత్రం లేడు.

అలాంటి రాజ్యాన్ని ఏలుకుంటున్న మనిషి సింగపూరులో వచ్చి పడింది. కారణం మొగుడు. కృష్ణప్రసాద్‌కి ఒక పాతకాలపు కంప్యూటరు భాష వచ్చు. ఆయన ఒక్కడూ గది తీసుకుని పనిచేసే హైదరాబాదులో కుర్రవాళ్ళంతా దాన్ని పాత చింతకాయ పచ్చడి అని వెక్కిరించేవారు. ఇంతలో రెండువేల సంవత్సరం వస్తోందనీ, తేదీ మారగానే ప్రపంచంలోని కంప్యూటర్లకి మతిపోతుందనీ, వాటికి మందు ఆ పచ్చడిలోనే ఉందనీ గోల పుట్టింది. వెక్కిరించినవాళ్ళే ఆయన గదిముందు వరసకట్టి పాఠాలు చెప్పమన్నారు. సింగపూరులో ఒక బ్యాంకు పిలిచి ఉద్యోగం ఇచ్చింది. నాగమల్లేశ్వరి గ్రంథాలయం తాళాలు వేరే ఎవరి చేతుల్లోనో పెట్టి, బడికెళ్ళే కూతురు అలేఖ్యని వెంటబెట్టుకుని టోవా పాయోలో అద్దె ఫ్లాటుకి చేరింది.

వచ్చిన వారంలోనే ఆవిడ పరువు హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాల సావడిలో, పోయింది. మధ్యాహ్నం భోజనాలవేళ, కాలు పెట్టే సందులేదు. ఒక్క బల్ల మాత్రం ఖాళీగా ఉంది, దాని మీద కొత్త టిష్యూ పొట్లం. కూర్చోకముందే మూతి తుడుచుకోడానికి కాగితాలిచ్చే దేశం ఎంత మర్యాదస్తుల దేశమో అని భర్తకి ఉపన్యాసం ఇస్తూ, పొట్లం చింపి, ముగ్గురికీ పంచింది. కృష్ణప్రసాద్ ముక్కు చీదుకున్నాడు కూడా. అంతలో పళ్ళేల నిండా నూడుల్సు పట్టుకుని ఒక చైనా కుటుంబం వచ్చి బల్లముందు నిలబడింది. వాళ్ళు టిష్యూ వంక చూస్తున్నారు, వీళ్ళు నూడుల్సు వంక చూస్తున్నారు. ఎవరికీ ఏమీ అర్థంకాలేదు.

పక్క బల్ల దగ్గర కోపీ, అదే ఇక్కడి కాఫీ, తాగుతున్న ముసలావిడ అప్పటిదాకా వీళ్ళ తెలుగు వింటూ కూర్చుంది. బక్కపలచని మనిషి, ముతక చీర, ముక్కుకి రెండువైపులా పుడకలు.

"అది ఆళ్ళ టిష్యూ అమ్మా," అందావిడ. "సీటు చోప్ సేసి, మకాన్ తేడానికి ఎల్లినారు. లెగండి, లెగండి."

చోప్ అంటే చోటు పట్టుకోవడమనీ, మకాన్ అంటే తిండనీ, ఈ ఊళ్ళో బల్ల మీద టిష్యూ పెడితే దేవుడైనా అక్కడ కూర్చోడనీ ఆ ముసలావిడే విడమరచి చెప్పింది. మరొకరైతే సిగ్గుతో చచ్చిపోయేవారు. నాగమల్లేశ్వరి మొహం మాత్రం వెలిగిపోయింది. ఇన్ని వేల మైళ్ళు సముద్రం దాటి వస్తే ఇక్కడా తెనాలి బస్టాండే! కాకపోతే వీళ్ళు తువ్వాలుకి బదులు కాగితం వాడుతున్నారు, పాపం, చేనేత అందుబాటులో లేక. నూడుల్సు వాళ్ళకి మూడు భాషల్లో క్షమాపణ చెప్పి, ముసలావిడ పక్కకి చేరింది.

రత్తమ్మ అలా పరిచయమైంది. శ్రీకాకుళం వైపు మనిషి. పెళ్ళైన కొత్తలో, తెల్లవాళ్ళ ఓడల యార్డులో రంగులు వేసే మొగుడి వెంట వచ్చింది. ద్వీపానికి ఉత్తరపు ఒడ్డున, సముద్రానికి ఆనుకుని ఉన్న కంపంగ్‌లో, అంటే తాటాకు ఇళ్ళ పల్లెలో, పిల్లల్ని కని పెంచింది. తరవాత సర్కారు పల్లెని తీసేసి అందరికీ ఫ్లాట్లిచ్చింది. మొగుడు పోయాడు. కొడుకు తువాస్‌లో ఓడలు బాగుచేసే చోట మేస్త్రీ, తెల్లారకుండానే కంపెనీ బస్సెక్కి పోతాడు. రత్తమ్మ పొద్దంతా కింద కూర్చుని వచ్చేపోయే వాళ్ళని చూస్తుంది. ఆవిడ తెలుగులో అరవం, మలయా భాషా కలిసిపోయి, ఏది ఏదో ఆవిడకే తెలియకుండా పోయింది.

ఇక నాగమల్లేశ్వరికి రెండో ఆసరా, కమ్యూనిటీ సెంటర్ మేడ మీది చిన్న లైబ్రరీ. తెలుగు పుస్తకం ఒక్కటీ లేకపోయినా రోజూ వెళ్ళేది. పుస్తకాల వాసనకి భాషతో పనేముంది? అరల్లో తలకిందులుగా ఉన్నవాటిని సరిచేసేది, చిరిగినవాటిని విడిగా తీసిపెట్టేది. వారం గడిచేసరికి జనం ఆవిడనే వచ్చి దారి అడగసాగారు. ఆ లైబ్రరీని నడిపే మిస్ లిమ్ ఇదంతా కనిపెట్టి కూడా ఏమీ అనలేదు. మిస్ లిమ్ పొట్టి జుట్టు పిల్ల, పెళ్ళికాలేదు, గీత గీసినట్టు ఉంటుంది. ఆవిడకి ఒక్కటే పిచ్చి. ఆ గదిలో చీటీ లేని వస్తువు ఉండకూడదు. పూలకుండీకి చీటీ, గడియారానికి చీటీ, తలుపు వెనక బకెట్టుకి కూడా "బకెట్టు, తుడవడానికి" అని చీటీ. నాగమల్లేశ్వరి ఒకచోట మరీ ఎక్కువసేపు కదలకుండా కూర్చోడానికి భయపడేది.

అయినా ఆవిడ మనసులో ఒక ముల్లు ఉండేది. ఎంత సర్దినా అవి ఆవిడ అరలు కావు. తన గ్రంథాలయం వదిలి వచ్చిన నాటినుంచీ ఎక్కడ కూర్చున్నా పరాయివాళ్ళ సీట్లో కూర్చున్నట్టే ఉండేది. అసలువాళ్ళు పళ్ళెం పట్టుకుని ఏ క్షణాన వస్తారో, లెగండి లెగండి అంటారో అని.

అలాంటి సమయంలో మిస్ లిమ్ ఒక ప్రదర్శన తలపెట్టింది. పేరు "మన తీరం, మన మనుషులు". ఈ ద్వీపపు ఒడ్డున ఒకప్పుడు బతికిన వాళ్ళంతా తమ పాత వస్తువులు తెచ్చి బల్లల మీద పెట్టి, వాటి కథలు చెప్పాలి. అంతటితో అయిపోదు. మంచివాటిని అద్దాల పెట్టెల్లో ఆ లైబ్రరీ మూలలోనే ఎప్పటికీ ఉంచుతారు. చేపలు పట్టే చైనా వాళ్ళు వలలూ తెడ్లూ తెస్తామన్నారు. మలయా ఆడవాళ్ళు అన్నం మీద మూసే అల్లిక బుట్టలూ, పెళ్ళి బట్టలూ తెస్తామన్నారు. అరవవాళ్ళు పెద్ద ఇత్తడి గంగాళం మోయించుకొచ్చారు. మిగిలింది ఒక్క బల్ల.

ఆ బల్ల చూసిన దగ్గర్నుంచీ నాగమల్లేశ్వరికి నిద్రపట్టలేదు. బిషాన్‌లో ఎవరింట్లోనో తెలుగు సంఘం వాళ్ళు బిర్యానీకి చేరితే వెళ్ళి సంగతి చెప్పింది. అక్కడ ఉన్నదంతా కంప్యూటర్ల కుర్రాళ్ళూ వాళ్ళ భార్యలూ. లోహిత్ అనే ఒకతను బిర్యానీ నములుతూనే, మనం వచ్చి రెండేళ్ళు కాలేదు, మన చరిత్ర అంతా పాస్‌పోర్టులో రెండు ముద్రలే కదా ఆంటీ అన్నాడు. అందరూ నవ్వారు. దారిలో కృష్ణప్రసాద్ కూడా కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడిగాడు. మూడుతరాల క్రితమే వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారనీ, రేపు ఎవరైనా ఆ మూల చూసి ఈ ఒడ్డున తెలుగువాళ్ళు లేనేలేరనుకుంటారనీ ఆవిడ దులిపేసింది. రైల్లో జనం వింతగా చూశారు గానీ ఆవిడ తగ్గలేదు.

రత్తమ్మని అడిగితే ఆవిడ చేతులు ఊపేసింది. "నా కాడ ఏటుంది? ఫ్లాటుకి మారినప్పుడు అన్నీ పారేసినాం. ఉత్త సేతులమ్మా. ఉత్త సేతులు సూపిస్తే నవ్వరా నలుగురూ?" అంది. ఎంత బతిమాలినా అదే మాట. గంగాళాల పక్కన, వలల పక్కన నిలబడి తనకి ఏమీ లేదని చెప్పుకోవడం ఆవిడకి చిన్నతనంగా ఉంది. ఆ మాట ఆవిడ పైకి అనలేదు గానీ నాగమల్లేశ్వరికి తెలిసింది.

ప్రదర్శనకి ముందురోజు సాయంత్రం మిస్ లిమ్ మర్యాదగానే కత్తి దించింది. మూసేవేళకి బల్ల మీద ఏదైనా వస్తువు ఉంటే సరే, లేకపోతే అక్కడ మంచినీళ్ళ డబ్బా పెట్టిస్తానంది. నాగమల్లేశ్వరి రేపు పొద్దుటికల్లా తప్పకుండా తెస్తానంది. మాట ఇస్తే బల్ల ఉంచలేననీ, వస్తువుంటేనే ఉంచగలననీ మిస్ లిమ్ అంది.

నీళ్ళ డబ్బా! చరిత్రలో తెలుగువాళ్ళ చోటు నీళ్ళ డబ్బాకి! నాగమల్లేశ్వరి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి ఇంటికి పరుగెత్తింది. ఇత్తడి చెంబైనా తెచ్చుకోలేదే అని ఇల్లంతా కలియతిరిగింది. ఉన్నవన్నీ ఇక్కడి దుకాణంలో కొన్న ప్లాస్టిక్కు గిన్నెలే. వంటింటి కిటికీ బయట వెదురుగడ మీద కృష్ణప్రసాద్ ఎర్రగళ్ళ తువ్వాలు ఆరుతోంది. అది కంటబడగానే ఆవిడకి ఇంకేమీ గుర్తులేదు. చేతిలో తువ్వాలు, ఎదురుగా ఖాళీ సీటు. తెనాలి రక్తం పొంగింది.

లైబ్రరీ చేరేసరికి దీపాలు ఆర్పుతున్నారు, తలుపు సగం మూసేశారు. లోపలికి వెళ్ళే వ్యవధి లేదు. ఆవిడ గడపలోనే నిలబడి, ఆ సందులోంచి గురిచూసి విసిరింది. తువ్వాలు గాల్లో విచ్చుకుని, నీళ్ళ డబ్బా పెట్టబోతున్న మనిషి ముక్కు ముందునుంచి పోయి, బల్ల మీద నాలుగు మూలలా పరుచుకుంది. అంత చక్కని వేటు ఆవిడ తెనాలిలో కూడా వెయ్యలేదు. "మనిషొస్తారండీ" అని తెలుగులోనే అరిచి, వెనక్కి చూడకుండా రత్తమ్మ ఇంటికి పోయింది. రత్తమ్మ మళ్ళీ లేదంది. వస్తువులేమీ వద్దు, ఊరికే చూడ్డానికి రమ్మంటే మాత్రం, సూద్దాం అంది.

మర్నాడు పొద్దున్న కృష్ణప్రసాద్ స్నానాలగదిలోంచి తువ్వాలు కోసం కేకపెట్టాడు. మొదట మామూలుగా, తరవాత గట్టిగా, ఆనక పొరుగు ఫ్లాటు వాళ్ళు గోడ తట్టేటంతగా. చివరికి కూతురి బాతు బొమ్మల తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుని బయటికి వచ్చి, తన తువ్వాలు చరిత్రలోకి వెళ్ళిందని విన్నాడు. అది చీరాలలో ఏరికోరి కొన్నదనీ, అది లేకపోతే తనకి స్నానం చేసినట్టే ఉండదనీ, ఇప్పుడే వెళ్ళి తెచ్చుకుంటాననీ బయల్దేరాడు. తల్లీకూతుళ్ళు వెనకాల పరుగెత్తారు.

వెళ్ళి చూస్తే ఆ బల్ల చుట్టూ జనం.

మిస్ లిమ్‌ది ఒక్కటే పొరపాటు. బల్ల మీద ఉన్నది వస్తువనుకుంది. తన మామూలు శ్రద్ధతో తువ్వాలుని మడతలు లేకుండా సర్ది, మీద అద్దం పెట్టి, పైన చిన్న దీపం వేసి, చీటీ రాసింది. తెలుగువారి చేనేత వస్త్రం. కాలం తెలియదు. మధ్యనున్న ఎర్రని గుర్తు బహుశా పూజకి సంబంధించినది. దయచేసి తాకవద్దు.

కృష్ణప్రసాద్ చీటీ రెండుసార్లు చదివాడు. కాలం తెలియకపోవడమేమిటి, కొని ఏడాది కాలేదు. ఎర్రని గుర్తు మొన్న ఆదివారం ఆవకాయ. అలేఖ్య చేతుల్లో మొహం దాచుకుంది. "అమ్మా, దట్స్ డాడీస్ టవల్ లా," అంది, బడిలో పట్టుబడిన ఈ ఊరి యాసలో. ఒక చైనా తాతగారు అద్దం ముందు వంగి ఆవకాయ మరకని కళ్ళజోడు సవరించుకుని మరీ పరిశీలిస్తున్నాడు. ఆయన వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు చేతులు జోడించారు.

ఇది చాలదన్నట్టు సంఘం కుర్రాళ్ళు కెమెరాలతో దిగారు. తెలుగు బల్ల ఉందని ఎలా తెలిసిందో మరి. వడ్డించేది మనవాళ్ళ బంతిలో అని తెలిస్తే ఆకలి దానంతటదే పుడుతుంది కదా. సెంటర్ పెద్దమనిషి ఒకాయన ముఖ్య అతిథిగా వచ్చి, ఒక్కో బల్ల చూసుకుంటూ, సరాసరి తువ్వాలు దగ్గరికే వచ్చి ఆగాడు. మిస్ లిమ్ నాగమల్లేశ్వరిని ముందుకి పిలిచి, దీని ఉపయోగమేమిటో మీరు చెబితే చీటీ పూర్తిచేస్తానంది. లోహిత్ వెనకనుంచి, పెళ్ళిలో వధూవరుల మధ్య పట్టుకుంటారని చెప్పెయ్యండి ఆంటీ అని గుసగుసలాడాడు.

నాగమల్లేశ్వరి నాలుక ఒక్క క్షణం ఆ అబద్ధం చుట్టూ తిరిగింది. కానీ జీవితమంతా పుస్తకాలకి సరైన అట్టలు వేసిన మనిషి. ఒక పుస్తకానికి మరో పుస్తకం పేరు రాయమంటే చెయ్యి రాదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. బస్సు, కిటికీ, గురి, కండక్టరు నెత్తి. మాటలు చాలక అద్దం ఎత్తి తువ్వాలు తీసి, సెంటర్ పెద్దమనిషిని కుర్చీ దగ్గర నిలబెట్టి, గదికి ఆ చివరినుంచి విసిరి చూపించింది. తువ్వాలు కుర్చీలో పడింది. "మనిషొస్తారండీ" అంది.

వల బల్ల దగ్గరున్న చైనా ఆవిడ తన కుర్చీ మీదనుంచి టిష్యూ పొట్లం ఎత్తి అందరికీ చూపించింది. ఇక నవ్వులే నవ్వులు. సెంటర్ పెద్దమనిషి కడుపు పట్టుకున్నాడు. కృష్ణప్రసాద్ ఆవకాయ సంగతి బయటపెట్టేసరికి దండం పెట్టిన ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అందరూ తలో మాటు విసిరి చూశారు. అరవ గంగాళంలోకి విసిరిన వాళ్ళు కూడా ఉన్నారు.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్న మిస్ లిమ్ అప్పుడు నాగమల్లేశ్వరి చెయ్యి పట్టుకుంది. ఇంత సంతోషంగా ఈ గది ఎప్పుడూ లేదంది. ఈ పూటంతా బల్ల మీదేనంది. కానీ ఈ తువ్వాలు తెనాలి బస్సుది, ఈ తీరానిది కాదు, కాబట్టి మూలలో అద్దాల పెట్టె మాత్రం ఇవ్వలేనంది. ఆ మాట న్యాయమే. అందుకే నాగమల్లేశ్వరి సరేనని తల ఊపింది. చుట్టూ ఇంకా నవ్వుతున్నారు, ఆవిడ మాత్రం ఖాళీ కాబోయే ఆ బల్ల వంక చూసింది. అసలువాళ్ళు పళ్ళెం పట్టుకుని రానే వచ్చారు.

"దాన్ని ఇటియ్యి," అన్నారెవరో.

రత్తమ్మ. ఎప్పుడు వచ్చిందో, గుమ్మం పక్కన నిలబడి అంతా చూస్తోంది. ముందుకి వచ్చి, కుర్చీలోంచి తువ్వాలు తీసుకుని, రెండు చేతులా పట్టి చూసింది. నెమ్మదిగా వంగి నేల మీద పరిచింది. నాలుగు మూలలూ అరచేత్తో సాపు చేసింది.

"ఓడ మీదా ఇదే," అంది.

నాగమల్లేశ్వరికి మొదట అర్థంకాలేదు. రత్తమ్మ తలెత్తకుండానే చెప్పుకుపోయింది. "మద్రాసులో ఓడెక్కినాం. డబ్బులున్నోళ్ళకి గదులు. మాకు పైన డెక్కు. మా ఆయన జనంలో పడి, నిచ్చెన మీద పరుగెట్టి, తువ్వాల ఇసిరినాడు. ఎక్కడ పడితే అదే మన యిల్లు. ఇంతే సోటు. నాను తొంగుంటే ఆయన కూకునీవోడు. నాను కూకుంటే ఆయన నిలబడీవోడు. వోన కొట్టినా లెగలేదు. లెగిస్తే సోటు పోద్ది కదా."

నాగమల్లేశ్వరి ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెబుతోంది. గదిలో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రత్తమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ తనకి తెలియకుండానే మలయాలోకి జారిపోయింది. ఆ భాష నాగమల్లేశ్వరికి రాదు. బుట్టల బల్ల దగ్గరనుంచి ఒక మలయా ఆవిడ లేచి వచ్చి, రత్తమ్మ పక్కనే నేల మీద కూర్చుని, అక్కడినుంచి ఆవిడ అందుకుంది. ఓడ దిగాక యార్డులో ఉండడానికి గది దొరకలేదట. ఉత్తరపు ఒడ్డున కొబ్బరిచెట్ల కింద, ఇసక మీద, ఆయన మళ్ళీ అదే తువ్వాలు పరిచి ఇదే మన ఇల్లన్నాడట. పొరుగున ఉన్న మలయా కుటుంబం వచ్చి చూసి, నవ్వి, ఆ తువ్వాలు చుట్టూ నాలుగు కర్రలు పాతిపెట్టిందట. ఇది చెప్పి మలయా ఆవిడ తువ్వాలు మూలని వేలితో తాకింది. అలాంటి కర్రలు మా నాన్న కూడా ఎందరికో పాతాడు అంది.

ఆ తువ్వాలు ఏమైందని మిస్ లిమ్ అడిగింది.

"పిల్లలకి ఉయ్యాల కట్టినాం. సిరిగితే తలగడ సేసినాం. ఆకరికి మసిగుడ్డయిపోనాది," అంది రత్తమ్మ. "అందుకే కదా, నా కాడ ఏటీ లేదన్నాను."

మిస్ లిమ్ బల్ల మీది పాత చీటీ తీసి చింపేసింది. మోకాళ్ళ మీద కూర్చుని కొత్తది రాసింది. తువ్వాలు. రత్తమ్మగారిది కాదు, అలాంటిది. ఇంత చోటులో ఇద్దరు సముద్రం దాటి ఈ తీరానికి వచ్చారు. రాశాక, ఈ మరకని ఉతికించమంటారా అని కృష్ణప్రసాద్‌ని అడిగింది. ఆయన ఉండనివ్వండి, పూజకి సంబంధించినదే అన్నాడు.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకి మతిపోలేదు. బాణసంచా చూసి వచ్చి అందరూ పడుకున్నారు, సెలవు కాగానే బ్యాంకులు ఎప్పటిలాగే తెరిచారు. కృష్ణప్రసాద్‌కి అదే బ్యాంకులో మరో పని దొరికింది, కుటుంబం బిషాన్‌కి మారింది. ఆయన ఇప్పటికీ బాతుల తువ్వాలుతోనే తుడుచుకుంటాడు. కొత్తది కొనుక్కోమంటే, నా తువ్వాలు మ్యూజియంలో ఉంది అని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునే అవకాశం పోతుందని ఆయన భయం. మిస్ లిమ్ నాగమల్లేశ్వరిని అడిగి మరీ వారానికి నాలుగు పూటలు లైబ్రరీలో పనికి పెట్టుకుంది. ఆవిడ మెడలోనూ ఒక చీటీ వేలాడదీసింది.

మొన్న ఒక రోజు రైలు ఆలస్యమైంది. నాగమల్లేశ్వరి రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చేసరికి లైబ్రరీ కిటకిటలాడుతోంది, పరీక్షల కాలం, ఒక్క కుర్చీ ఖాళీలేదు. తువ్వాలున్న అద్దాల పెట్టె పక్కన రత్తమ్మ ఎప్పటిలాగే కూర్చుని ఉంది. ఆవిడ పక్క కుర్చీ మీద టిష్యూ పొట్లం ఒకటి. పుస్తకాలు మోసుకుంటూ వచ్చిన ఓ కాలేజీ పిల్ల ఆ కుర్చీ ఖాళీయేనా అని ఇంగ్లీషులో అడిగింది.

రత్తమ్మ తల తిప్పలేదు. "మనిషొస్తాది," అంది తెలుగులో.

నాగమల్లేశ్వరి వెళ్ళి టిష్యూ తీసి, కూర్చుంది.